ఎనిమిది శీతాకాలాల లెక్క

మాస్టారు పోయిన సంగతి నాకు సైక్లోస్టైల్ మిషను మీద తెలిసింది. గురువారం పొద్దున్న ఎప్పటిలాగే మా ఆఫీసు కింది గదిలో స్టెన్సిలు డ్రమ్ముకి చుట్టి, సిరా సరిగా పడుతోందో లేదో చూద్దామని మొదటి కాగితం తీశాను. నా పని కాపీలు తియ్యడం వరకే, చదవమని నాకెవరూ జీతమివ్వరు. కానీ తెలుగులో చేత్తో రాసిన స్టెన్సిలు మా గదికి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, అందుకని కన్ను పడింది. పైన 'సంతాప సభ' అని ఉంది. కింద మా మాస్టారి పేరు. ఆ కింద 'పక్షిప్రేమికులు, నా చిరకాల మిత్రులు' అని ఉంది. అడుగున పెద్దదొర సంతకం.

పెద్దదొర అని మేం పిలుచుకునేది మా ఆఫీసులో ఒకప్పుడు అందరికన్నా పైన కూర్చున్న ఆయన్ని. తెలుగాయనే. ఢిల్లీ చుట్టుపక్కల పిట్టల్ని చూసే సంఘం ఒకటుంది, దానికి ఆయన అధ్యక్షుడు. రిటైరై మూడేళ్ళయినా ఆయన కాగితాలు మా గదికి వస్తూనే ఉన్నాయి, ప్రభుత్వపు సిరాతో అచ్చవుతూనే ఉన్నాయి.

రెండువందల కాపీలు తియ్యమని చెప్పారు. తీశాను. ఒక్కో కాగితం బయటికొచ్చినప్పుడల్లా 'చిరకాల మిత్రులు' అన్న మాట నా ముందు పడుతుంటే ఒళ్ళు మండిపోయింది. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా అని ఆయన ధైర్యం. నేనింకా బతికే ఉన్నానని ఆయనకి గుర్తులేదు. అందుకే ఆ నోటీసు వెనక నా కాగితాలు నాలుగు పెట్టి పిన్ను కొట్టి పంపుతున్నాను. సభకి రాబోయే పెద్దలు ముందు ఇవి చదివి రండి. నేను పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణి. భాషలో తప్పులుంటే నన్ను తిట్టండి. విషయంలో తప్పులు లేవు.

మాస్టారు ఇక్కడి తెలుగు పిల్లలకి లెక్కలు చెప్పేవారు. మునిర్కాలో గేదెల కొట్టం మీద రెండు గదులుండేవి. ఒకదాంట్లో ఆయనా, నేను పిన్నిగారని పిలిచే ఆయన భార్యా, రెండోదాంట్లో నేను. మధ్య గోడ ఎంత పల్చనిదంటే ఆయన తుమ్మితే నేను 'చిరంజీవ' అనేవాణ్ణి. ఆయనది కొల్లేటి ఒడ్డు. నీళ్ళూ పిట్టలూ చూడకపోతే వారం గడిచేది కాదు. ఢిల్లీలో నీళ్ళెక్కడివి? అందుకని ఆదివారం వచ్చిందంటే ధౌలాకువా దాకా ఒక బస్సు, గుర్‌గావ్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఫరూఖ్‌నగర్ వెళ్ళే హర్యానా బస్సెక్కి సుల్తాన్‌పూర్ చెరువు దగ్గర దిగేవారు. ఆ చెరువుని అక్కడివాళ్ళు ఝీల్ అంటారు. అది కుదరని వారం యమున మీద ఓఖ్లా ఆనకట్ట.

మాకు గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ జాట్ ముసలమ్మ. ఆయన సంచీ తగిలించుకుని మెట్లు దిగుతుంటే, "మాస్టర్‌జీ, హమారే ఘర్ మే చిడియా కమ్ హై క్యా?" అని వెక్కిరించేది, మన ఇంట్లో పిట్టలు తక్కువయ్యాయా అని.

"యే ఘర్ కీ హై అమ్మా. వో మెహమాన్ హై," అనేవారు మాస్టారు. ఇంటి పిట్టలు ఎక్కడికీ పోవు, వచ్చిన చుట్టాల్ని పలకరించి రావద్దూ అని.

నేను పిట్టల కోసం వెళ్ళలేదు. పిన్నిగారి పులిహోర కోసం వెళ్ళాను. అల్యూమినియం డబ్బా మొయ్యడానికి మనిషి కావాలి, నాకు తిండి కావాలి. మొదటి రోజే ఎర్ర మఫ్లరు కట్టుకెళితే దాన్ని విప్పించి సంచీలో కుక్కించారు. "నువ్వు వాటిని చూడ్డానికి వచ్చావు. అవి నిన్ను చూడ్డానికి రాలేదు," అన్నారు. జామా మసీదు దగ్గర పాత సామాన్ల బజార్లో కొన్న దుర్భిణి ఒకటుండేది. దాని కుడి కన్ను మసక. అందుకని ఆయన ఎప్పుడూ కుడి కన్ను మూసుకునే చూసేవారు. దూరాన్నించి చూసేవాళ్ళకి బాతులకి కన్ను కొడుతున్నట్టుండేది. ఆ మాట నేనే అన్నాను, ఆయన నవ్వారు. నా వెటకారానికి నవ్విన పెద్దవాళ్ళు నా జన్మలో తక్కువ.

ఇప్పుడు ఆయన లెక్క పద్ధతి చెప్పాలి, కథంతా దానిమీదే నడిచింది. ఎడమ జేబులో సరిగ్గా వంద చింతపిక్కలు పోసుకునేవారు. నీళ్ళమీద పిట్టల గుంపుని ఒక చివరనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, వంద అయ్యేసరికి ఒక పిక్క తీసి కుడి జేబులో వేసేవారు. కళ్ళు నీళ్ళమీదే, చెయ్యి జేబులో. అంతా అయ్యాక కుడి జేబు తిరగేసి పిక్కలు లెక్కపెడితే అది వందల లెక్క. తర్వాత రకాలవారీగా మళ్ళీ చూసుకుని పుస్తకంలో రాసుకునేవారు, నుదుట తెల్లమచ్చుండే బొల్లికోళ్ళు ఇన్ని, పరజలు ఇన్ని, తలమీద రెండు నల్ల చారలుండే పెద్దబాతులు ఇన్ని, సారసుల జంటలు ఇన్ని అని. బొల్లికోడి లేచి ఇటునుంచి అటు కూర్చుంటే మళ్ళీ మొదలు. పొద్దున్న ఎనిమిదింటికి మొదలెట్టి మధ్యాహ్నం దాకా అదే పని. నేను గట్టుమీద పడుకుని ఆవంత జింకల్లాంటి నీల్‌గాయ్‌ల మీద గులకరాళ్ళు విసిరేవాణ్ణి, అవి పట్టించుకునేవి కావు.

"లెక్క తప్పితే మళ్ళీ మొదలెట్టు. తప్పిందని దాచకు," అనేవారు. బడిలో పిల్లలకి చెప్పినట్టే నాకూ చెప్పారు.

ఎనిమిది శీతాకాలాలు అలా రాశారు. ఆ రోజుల్లో ఆ చెరువుకి ఏ ఏడు ఎన్ని పిట్టలొచ్చాయో ఇంకెవరిదగ్గరా లేదు. దొరల సంఘం తర్వాత పుట్టింది. పుట్టగానే వాళ్ళకి అంకెలు కావలసివచ్చాయి, మాస్టారు ఉన్నవన్నీ కాపీ చేసి ఇచ్చారు. వాళ్ళు ప్రతి నెలా వేసే ఇంగ్లీషు కాగితంలో ఒక మూల ఆయన పేరుతో వేశారు. వేసింది నా మిషనే. ఆ కాగితాన్ని ఆయన మడతపెట్టి పిన్నిగారికి చూపించడం నేను గోడ సందులోంచి చూశాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. "ఏది మీ పేరు?" అని వేలు పెట్టించి మరీ చూసింది.

తొమ్మిదో శీతాకాలం సంఘమంతా కలిసి లెక్కపెట్టే రోజు ఒకటి పెట్టారు. పెద్దదొర టోపీ పెట్టుకుని కార్లో వచ్చాడు. వెనక పాతికమంది. ఎండెక్కాక మాస్టారు లెక్క ముగించి, కోటు విప్పి తుమ్మకొమ్మకి తగిలించి, ఫ్లాస్కు దగ్గరికి వెళ్ళారు. పిన్నిగారు వామనగుంటలకని దాచుకున్న పిక్కలు నా జేబులో ఒక గుప్పెడున్నాయి. తీసి ఆయన కుడి జేబులో పోశాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? మిషను గదిలో మేనేజరు కుర్చీకి జిగురు ఎందుకు రాశానో, ఇంటావిడ గేదెకి ఎందుకు బొట్టుపెట్టానో, అందుకే. సాయంత్రం బస్సులో తిరిగొస్తూ ఆయన పిక్కలు లెక్కపెట్టుకుని, "వెధవా, నువ్వేనా?" అనాలి, ఇద్దరం నవ్వుకోవాలి. నేననుకున్నది అంతే.

కానీ దొర అక్కడికక్కడే అందరి అంకెలూ అడిగాడు. మిగతావాళ్ళందరూ రెండువేల మూడువందలనీ, నాలుగువందలనీ, అయిదువందలనీ చెప్పారు. మాస్టారు జేబు తిరగేశారు. రుమాలు మీద పిక్కలు లెక్కపెట్టారు. నలభయ్యారు. ఒకసారి పిక్కలవంక చూశారు, ఒకసారి నీళ్ళవంక చూశారు.

"నలభయ్యారు వందలొచ్చింది. ఎక్కువగా ఉంది. మళ్ళీ లెక్కపెడతానండీ," అన్నారు.

అప్పటికే ఎవరి కుక్కో నీళ్ళల్లోకి దిగింది. పిట్టలన్నీ లేచిపోయాయి.

"వేటిని లెక్కపెడతారు మాస్టారూ, మబ్బుల్నా?" అన్నాడు దొర. "చింతపిక్కలతో పిట్టల్ని లెక్కపెట్టే శాస్త్రం కొల్లేట్లో ఉందేమోగానీ సైన్సులో లేదు. బళ్ళో కూడా లెక్కలు ఇలాగే చెబుతారా?"

పాతికమందీ నవ్వారు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను.

"అంటే ఆ ఎనిమిదేళ్ళ లెక్కలూ ఈ పిక్కలవేనన్నమాట. తీసెయ్యండి," అన్నాడు దొర పక్కనున్న ఆయనతో.

మాస్టారు రుమాలు నాలుగు కొసలూ ముడివేసి జేబులో పెట్టుకున్నారు. పులిహోర డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చింది.

ఆ నెల కాగితం స్టెన్సిలు నా దగ్గరికే వచ్చింది. 'ఒక సభ్యుని ఎనిమిదేళ్ళ అంకెలు నమ్మదగినవి కానందున తొలగించడమైనది' అని ఇంగ్లీషులో ఒక వాక్యం. పక్క సీటు గుమాస్తాచేత చదివించుకున్నాను. అప్పుడు నేను మిషను ఆపి పైకెళ్ళి, "దొరా, పిక్కలు వేసింది నేను," అని ఉండొచ్చు. నా ఉద్యోగం పర్మనెంటయి నెల కూడా కాలేదు. హ్యాండిలు తిప్పాను. మూడువందల కాపీలు.

ఒప్పుకోడానికి చాలని ధైర్యం పగ పట్టడానికి మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చింది. మా ఊరి నుంచి వచ్చిన ఎండుచేప ముక్క ఒకటి తీసుకెళ్ళి ఓఖ్లాలో దొరగారి టోపీ పట్టీలో దోపాను. అక్కడ గద్దలు ఎలా తిరుగుతాయో చూసినవాళ్ళకి తెలుసు. ఆయన నలుగురికి చెయ్యి చాపి ఏదో చూపిస్తుండగా ఒక గద్ద వచ్చి టోపీతో సహా ఎత్తుకుపోయి యమునలో పడేసింది. బట్టతల పట్టుకుని ఆయన కూలబడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహిస్తుంది. మాస్టారికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు.

"గద్దని మోసం చేశావురా. పాపం చేపనుకుని వచ్చింది," అన్నారు.

అంతటితో ఆగుంటే బాగుండేది. రెండేళ్ళ తర్వాత ఒక నెల కాగితంలో అడుగున నాలుగు వేళ్ళ ఖాళీ వచ్చింది. సైబీరియా నుంచి వచ్చే తెల్లకొంగ అని ఒకటుంది. ఎర్ర మొహం, మనిషంత ఎత్తు. అది మనవైపు కనబడితే పిట్టలవాళ్ళు పూనకమొచ్చినట్టు ఊగిపోతారు. పాత కాగితాల్లోంచి ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ, ఒంటి వేలితో టైపు కొట్టి ఆ ఖాళీలో ఒక వార్త పెట్టాను. ఫలానా ఆదివారం సుల్తాన్‌పూర్‌లో అధ్యక్షులవారు స్వయంగా ఒక తెల్లకొంగని చూశారని. చూడలేదని ఆయన తానే చెప్పుకోవలసివస్తుంది, నలుగురూ నవ్వుతారు, నా పగ తీరుతుంది అని లెక్కవేశాను.

సోమవారం ఆయన కాగితం పట్టుకుని మిషను గదికి దిగొచ్చాడు. నేను డ్రమ్ము తుడుస్తున్నట్టు వంగాను.

"ఇది ఎవరు చేర్చారోయ్?"

"మీరిచ్చిన కాగితంలోనే ఉంది సార్."

ఆయన మళ్ళీ చదువుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చదువుకున్నాడు. ఈలోగా పైనుంచి ఎవరో ఆఫీసరు దిగొచ్చి, "కంగ్రాచులేషన్స్ సార్!" అని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఆఁ, అవునవును. థాంక్యూ," అన్నాడు దొర.

సాయంత్రం టీ వేళకి వరండాలో చెబుతున్నాడు. "ముందు నమ్మలేదు. తర్వాత మెడ ఇలా తిప్పింది. అప్పుడు మొహం ఎర్రగా కనబడింది." మెడ తిప్పి మరీ చూపిస్తున్నాడు. నా సిరాలో పుట్టిన కొంగకి మెడ ఎలా తిప్పాలో నాకే తెలీదు!

వార్త కలకత్తా దాకా పోయింది. అక్కణ్ణించి జంతుశాస్త్రం చెప్పే ప్రొఫెసరమ్మ ఒకావిడ ఉత్తరం రాసింది, వచ్చి చోటు చూస్తాను, ఇంకెవరు చూశారో చెప్పండి అని. ఒక్కడు చూస్తే లెక్కలోకి రాదట, ఇద్దరుండాలి. దొరకి రెండో మనిషి కావాలి. ప్రతి ఆదివారం అక్కడుండే మనిషి ఢిల్లీలో ఒక్కడే ఉన్నాడు.

దొరగారి కారు మునిర్కా సందులోకి పట్టలేదు. పేడలో అడుగులేసుకుంటూ వచ్చాడు. నేను నా గదిలో గోడకి చెవి ఆనించాను. పిన్నిగారు కాఫీ ఇచ్చిన గ్లాసు చప్పుడైంది.

"ఆ ఆదివారం మీరూ ఉన్నారటగా మాస్టారూ."

"ఉన్నానండీ."

"చూసే ఉంటారు. దూరం కదా, గుర్తుపట్టి ఉండరు. మీరూ చూశానని ఒక్క మాటనండి, చాలు. ఆ పాత అంకెల విషయంలో కూడా కాస్త తొందరపడ్డాం. ఎనిమిదేళ్ళవీ మళ్ళీ వేయిద్దాం. మీ పేరుతోనే."

ఆ ఎనిమిదేళ్ళవీ కొట్టేశాక కూడా ఆయన ప్రతి ఆదివారం వెళుతూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు, ఎవరికీ చూపించడం మానేశారు. అవి మళ్ళీ కాగితం మీద చూసుకోవాలని ఆయనకెంత ఉందో గోడ ఇవతలున్న నాకు తెలుసు.

"ఆదివారం వస్తానండీ," అన్నారు మాస్టారు చివరికి. అంతే.

దొర వెళ్ళాక నేను ఎగిరి అవతల వాలాను. "మాస్టారూ, ఆవిడ ఎదుట ఉతికి ఆరేసెయ్యండి! కొంగా లేదు గింగా లేదు, ఈ మనిషి అబద్ధాలకోరని చెప్పెయ్యండి!"

ఆయన నావంక చూసి, "కాఫీ తాగుతావా?" అన్నారు.

ఆ ఆదివారం గట్టుమీద నలుగురం ఉన్నాం. ప్రొఫెసరమ్మ, దొర, మాస్టారు, సంచీతో నేను. ఆవిడ నూలుచీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుంది, చెరువులోకి మోకాళ్ళ దాకా దిగి వచ్చింది. దొర మెడ తిప్పి చూపించడం అయ్యాక ఆవిడ మాస్టారిని మీరు చూశారా అని హిందీలో అడిగింది, "ఆప్‌నే దేఖా?"

"నహీ మేడమ్," అన్నారు మాస్టారు. సంచీలోంచి పుస్తకం తీసి, కొంగ వచ్చిందన్న ఆదివారం పేజీ విప్పి చూపించారు. తెలుగు రాత ఆవిడకి రాదు, వేలు పెట్టి ఒక్కొక్క పిట్టా చదివి వినిపించారు. బొల్లికోళ్ళున్నాయి, పెద్దబాతులున్నాయి, సారసులు రెండు జంటలున్నాయి. తెల్లకొంగ లేదు. దొర మొహం కందగడ్డయింది. నా కడుపు చల్లబడింది.

ఆవిడ ఆ పుస్తకం వెంటనే వదల్లేదు. వెనక్కి తిప్పింది, ఇంకా వెనక్కి తిప్పింది. ఇలాంటివి ఎన్నేళ్ళవున్నాయని అడిగింది. మాస్టారు చెప్పారు. మొదటి ఎనిమిదీ సంఘం కొట్టేసిందని కూడా చెప్పారు.

"క్యోఁ?" ఎందుకని అడిగింది.

మాస్టారు తలెత్తి నావంక చూశారు. కోపంగా కాదు. ప్రశ్నకి జవాబు తెలిసిన పిల్లాడివంక మాస్టరు చూసినట్టు చూశారు, చెయ్యెత్తుతాడేమోనని. నేను సంచీ తాడు సవరించుకున్నాను.

"ఏక్ బార్ గిన్‌తీ గలత్ హో గయీ," అన్నారు ఆవిడతో. ఒకసారి లెక్క తప్పింది.

ఆవిడ పుస్తకం మూసి ఆయన చేతికిచ్చేసింది. తెల్లకొంగ సంగతి 'రుజువు కాలేదు' అని రాసుకుంది. అంతకుమించి దొరకేమీ కాలేదు. అధ్యక్షుడు అధ్యక్షుడిగానే ఉన్నాడు. ఎనిమిది శీతాకాలాలు మాత్రం నీళ్ళలో కలిసినట్టే కలిశాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాస్టారు అన్నారు, "ఆ కొంగకి సిరా వాసనొస్తోందిరా."

నేను చేతిలో టిక్కెట్లు మడతపెట్టడం మొదలెట్టాను.

"పిక్కలు ఆ సాయంత్రమే లెక్కపెట్టుకున్నాను. వందతో బయల్దేరాను, నూట ఇరవై రెండుతో ఇంటికొచ్చాను. పిక్కలు పిల్లల్ని పెట్టవు కదా."

"మరి చెప్పలేదేం మాస్టారూ? అప్పుడే చెప్పొచ్చుగా! నన్ను కొట్టాల్సింది!"

"చెబితే ఆయన నిన్ను ఉంచేవాడా? అయినా చెప్పాల్సింది నేను కాదు," అన్నారు. తర్వాత ధౌలాకువా వచ్చేదాకా నిద్రపోయారు, లేదా నిద్ర నటించారు.

నేను చాలామందిమీద పగలు తీర్చుకున్నాను. ఇంత తీరుబడిగా, ఇంత నెమ్మదిగా నామీద ఎవరూ తీర్చుకోలేదు. ఒక తిట్టు తిట్టి ఉంటే మర్నాటికి మర్చిపోయేవాణ్ణి. ఆయన తిట్టలేదు. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం గోడమీద రెండు దెబ్బలు కొట్టి పిలిచారు, పులిహోరలో పల్లీలు నావైపుకి తోశారు. ఆసియా ఆటలకని ఊళ్ళో ఫ్లైఓవర్లు లేచాయి, నాకు ఆర్కే పురంలో క్వార్టరొచ్చింది, మకాం మారాను. మెల్లగా వెళ్ళడం తగ్గించాను. పని ఎక్కువైందని చెప్పాను. అదీ అబద్ధమే. ఆయన ఎదురుచూపు ఎదుట కూర్చోలేక మానేశాను.

గురువారం నోటీసులు తీసేసి తిన్నగా మునిర్కా పోయాను. పొగమంచు రోజుల్లో ఆయనకి ఊపిరి ఆడలేదట, ఆస్పత్రిలో మూడు రోజులున్నారట. పిన్నిగారు గోడకి ఆనుకుని కూర్చునుంది. కొడుకులూ కూతుళ్ళూ లేరు. నేను కాళ్ళ దగ్గర కూలబడి, "పిన్నిగారూ, ఆవేళ పిక్కలు..." అని మొదలెట్టాను.

"ఆపు," అంది. "ఆయనకి చెప్పాల్సింది నాకు చెప్పకు."

లేచి మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది. ఎనిమిది పుస్తకాలు తీసి నా ఒళ్ళో పడేసింది. "అక్షరమ్ముక్క రానివాడివైనా మిషనుందిగా నీకు. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పి చావు."

అందుకే ఇది. ఆ ఎనిమిదేళ్ళ అంకెలూ నాలుగో కాగితం నిండా వేశాను. పిట్టల పేర్లు ఆయన రాసినట్టే కొల్లేటి పేర్లు. పైన ఆయన పేరు వేశాను, కొంచెం లావుగా. అవి తప్పుడు లెక్కలు కావు. తప్పిన లెక్క తొమ్మిదో ఏటిది ఒక్కటే, అది తప్పించినవాణ్ణి నేను. పెద్దలు మొదటి రాయి నామీద వేసి, రెండోది ఎవరిమీద వెయ్యాలో ఆలోచించుకోండి.

రాసి ముగిద్దామనుకున్నాను. కానీ నిన్న ఆదివారం జరిగింది కూడా చెప్పాలి. పుస్తకాలు సంచీలో వేసుకుని ఒక్కణ్ణే ఆ రెండు బస్సులూ, తర్వాత హర్యానా బస్సూ ఎక్కాను. గట్టుమీద నాకంటే ముందే ఒకాయన మడత కుర్చీలో ఉన్నాడు. పెద్దదొర. డ్రైవరు ఆయన్ని చెయ్యిపట్టి గట్టు ఎక్కించి, రోడ్డుమీద టీ కొట్టుకి పోయాడట. రెండు కళ్ళకీ పొరలొచ్చాయి, ఆపరేషను ఇంకా కాలేదు, చేతిలో కాగితం కనబడుతుందిగానీ దూరం ఆనదు.

"ఎవరోయ్ అక్కడ?"

"మిషనువాణ్ణి సార్."

"నువ్వా! మంచివాడివి, వేళకొచ్చావు. వచ్చే ఆదివారం సభలో ఈ ఏటి లెక్క చదవాలోయ్. మాస్టారి జ్ఞాపకార్థం. నాకేమో నీళ్ళకీ గట్టుకీ తేడా తెలీడం లేదు. కాస్త లెక్కపెట్టి పెడుదూ."

లెక్కపెట్టాను. నాకు వంద దాటితే తడబాటు. నాలుగుసార్లు తప్పింది, నాలుగుసార్లూ మళ్ళీ మొదలెట్టాను. మధ్యాహ్నమైంది. ఆయన ఒళ్ళో అట్టమీద కాగితం, చేతిలో పెన్సిలు.

"అయిందా? ఎన్ని?"

"చెబుతాను సార్. ముందు మీరు కొట్టేసిన ఎనిమిదీ రాసుకోండి. తర్వాత ఇది."

"అవి తప్పుడు లెక్కలు కదోయ్."

"ఆయన జేబులో పిక్కలు నేను పోశాను సార్. మీ తెల్లకొంగని కూడా నేనే టైపు కొట్టాను."

ఇన్నేళ్ళూ ఈ ఒక్క క్షణం కోసమే బతికినట్టు నేను ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను.

"లేదోయ్," అన్నాడు చిన్నగా. "నేను చూశాను. మెడ ఇలా..." మెడ తిప్పబోయి ఆగిపోయాడు.

సంచీలోంచి మొదటి పుస్తకం తీశాను. మొదటి శీతాకాలం, మొదటి ఆదివారం, బొల్లికోళ్ళు అని చదివి ఆగాను. గట్టు దిగాలంటే ఆయనకి ఒకరి చెయ్యి కావాలి. అక్కడున్నది నా చెయ్యి ఒక్కటే, అది పుస్తకం పట్టుకునుంది. ఆయన రాసేదాకా ఆ చెయ్యి ఇవ్వదలుచుకోలేదు, నాకు తొందర లేదు. ఆయన పెన్సిలు కాగితానికి వేలెడు పైన ఆగి ఉంది. అంతలో ఉత్తరంనుంచి పెద్దబాతుల బారొకటి అరుచుకుంటూ వచ్చి ఒక్కొక్కటిగా నీళ్ళమీద దిగడం మొదలెట్టింది. ఆ చప్పుడు వినబడి ఆయన తల అటు తిప్పాడు. అవి దిగుతున్నది ఒక వైపు, ఆయన కళ్ళు వెతుకుతున్నది ఇంకో వైపు.